చదివి వినిపించగా విన్నదాన్ని

నా భర్త ఓబులేసు పోయాడన్న కబురు నాకు చెప్పింది జిరాక్సు అంగడి మాబాషా. ఆ పొద్దు నేను గిన్నెలు కడుగుతున్నాను. ఫోను మోగింది. "వదినా, అన్న కుర్చీలోనే వాలిపోయినాడు. బిరీన రా," అన్నాడు. అప్పుడు నేను అడిగిన మాట తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది. "రాసేది అయిపోయినాదా?" అన్నాను. ముప్పై ఎనిమిదేళ్లు ఆయన అన్నానికి ఆలస్యమైనప్పుడల్లా నేను అడిగింది ఆ ఒక్క మాటే. నోటికి వేరేది రాలేదు.

"లేదు వదినా. సగంలో ఉండాది," అన్నాడు మాబాషా.

కడపలో ఆఫీసుల ముందర, ప్రహరీ గోడకు ఆనుకుని వేసిన రేకుల పంచలో కూర్చుని ఆయన అర్జీలు రాసేవాడు. ఒక మడత బల్ల, తన కుర్చీ, వచ్చినవాళ్లకు ఇంకో కుర్చీ, ఇంకు ప్యాడు, నల్ల పెన్ను. రాత రానివాళ్లు సర్కారుకు ఏం చెప్పుకోవాలన్నా ఆ బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు. ఆయన పోయిన మూడో రోజు కూడా, తెలియక, ఒక ముసలామె వచ్చి ఖాళీ కుర్చీ ఎదురుగా మధ్యాహ్నం దాకా కూర్చుందట.

అర్జీలు రాసేవాళ్ల సంఘం ఉంది. వాళ్లు ఆయన జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తామన్నారు. అందులో మొదటి వ్యాసం భార్యగా నా పేరు మీద ఉండాలట. దినాలు అయిన మర్నాడు సంఘం సెక్రటరీ సుబ్బరాయుడు అచ్చు చేసిన కాగితం పట్టుకుని వచ్చాడు. గొంతు సవరించుకుని చదివాడు. "మృదుభాషి, మితభాషి, అజాతశత్రువు అయిన నా ప్రాణనాథుడు అనంతలోకాలకు తరలిపోవుట నా జీవితాకాశంలో..." ఇంకా ఏమేమో ఉన్నాయి. ఆత్మకూరు నుంచి వచ్చిన నా కూతురు ఏడ్చింది. పక్కింటివాళ్లు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా, ఇంతకీ నేను ఎవరి కోసం ఏడుస్తున్నానని అనుమానం వచ్చింది.

"శానా బాగుండాది సుబ్బరాయుడూ. ఈయన ఎవురప్పా?" అన్నాను.

"అదేంది వదినా, అట్లంటావు? మన ఓబులేసన్నే గదా!"

"మృదుభాషి అంటే?"

"మెత్తగా మాట్లాడేటోడని."

"నిరుడు నిన్ను అందరి ముందర ఎద్దు అనలే?"

సుబ్బరాయుడు కాగితం మడిచాడు. "అన్నాడు. ఎద్దు కూడా దారి అడుగుతాది, నువ్వు అడగవు అని గూడా అన్నాడు. ఇప్పుడు అవన్నీ ఎందుకులే వదినా. ఫోన్లో రాసే మిషనుకు పేరు చెప్తే రాసిచ్చినాది. పోయినోళ్లకు అందరికీ ఇట్లనే రాస్తారు. ఈడ ఏలిముద్ర వెయ్యి."

నేను వేలు ముడుచుకున్నాను. నాకు చదువు రాదు. పేరు మాత్రం ముగ్గు వేసినట్టు ఒక్కో అక్షరం గీయగలను, అది కూడా తొందర పెడితే రాదు. కానీ ఆయన నాకు నేర్పిన విద్య ఒకటుంది. చెవి ఒప్పుకోకుండా వేలు పెట్టగూడదు. తన బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆయన ఆ మాట చెప్పాడు. రాసింది పూర్తిగా చదివి వినిపించేవాడు. అంతటితో ఆగక, తను కాకుండా ఇంకొకరిచేత కూడా చదివించేవాడు. "రాసినోడు చదివితే కాగితంలో ఉండేది చదవడు, తన మనసులో ఉండేది చదువుతాడు," అనేవాడు. ఆ తర్వాతే ఇంకు ప్యాడు మూత తీసేది.

సోమవారం పుస్తకం అచ్చుకు పోతుందని, అంతలోపల నేనే ఏదైనా చెప్పుకుంటే అది వేస్తామని, లేకపోతే ఈ కాగితమే వేస్తామని చెప్పి సుబ్బరాయుడు వెళ్లిపోయాడు. అంటే సోమవారం నాటికి నేను నోరు తెరవకపోతే, ఆ మెత్తటి మనిషెవరో నా మొగుడుగా అచ్చులో నిలిచిపోతాడు. అందుకని చెబుతున్నాను. చెబుతున్నది కూడా ఆయన ఫోనులోని ఆ మిషనుకే. రాసేందుకు ఇంట్లో ఇంకెవరున్నారు?

నా మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దమని దానికి చెప్పాను. మనుషులు అన్న మాటలను మాత్రం ముట్టుకోవద్దన్నాను. ఈ పద్ధతి కూడా ఆయనదే. "అర్జీ సర్కారు తెలుగులో ఉండాల. నొప్పి వాళ్ల తెలుగులో ఉండాల," అనేవాడు.

ఆయన నోరు చెడ్డది. ముందు ఆ సంగతి చెప్పేస్తే తక్కినవి చెప్పడం సులువు.

ఒకసారి ఒక రైతు వచ్చి, అందరూ కలిసి తనను మోసం చేశారు, అర్జీ రాయమన్నాడు. ఈయన పెన్ను మూత తీయలేదు. "అందరూ అంటే ఎవురప్పా? పేర్లు చెప్పు." "ఊరంతా అన్నా." "ఊరంతటి మీద అర్జీ తీసుకునే ఆఫీసు కడపలో లేదు. గుడికి పో, ఆయన తీసుకుంటాడు. ఈడ అయితే పేరు, తేదీ, సర్వే నంబరు." ఆ రైతు లేచి పోయాడు. రెండో రోజు వచ్చి ఒక్క పేరు చెప్పాడు. అది తన సొంత అన్న పేరు. ఆ పేరు నోటికి రాకనే ముందురోజు ఊరంతా అన్నాడు. ఈయనకు అది మొదటే తెలుసు. తిట్టి పంపితే తప్ప మనిషి ఇంటికి పోయి ఆలోచించుకోడని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో నన్ను కూడా చాలా తిట్టాడు. నేను ఎక్కడికి పోయి ఆలోచించుకోవాలి? వంటింట్లోకి పోయేదాన్ని.

ఇప్పుడు హుసేన్‌బీ సంగతి చెప్పాలి. దానికి ముందు కయ్య సంగతి చెప్పాలి.

కడప పక్క కాలవ కింద వరి పండే మడిని కయ్య అంటారు. మాది కోయిలకుంట్ల పక్క పల్లె. మా ఇంట్లో మడి అనేవాళ్లు, ఆ మాట నేను పెళ్లి దాకా వినలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దు ఈయన పంచె ఎగగట్టి, "కయ్యకు పోతాండా," అన్నాడు. ఎవరితోనో కయ్యానికి పోతున్నాడనుకుని నేను వాకిట్లో అడ్డం నిలబడి చెయ్యి పట్టుకున్నాను. "వద్దయ్యా, ఏందున్నా మాటలతో తేల్చుకోండి," అన్నాను. మా అత్త నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. ఆ పంట కోతకు వచ్చేదాకా ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఆ కథ చెప్పింది.

హుసేన్‌బీ మొగుడు పోయాక ఆమె కయ్యను మరిది దున్నుకున్నాడు. ఆమె వచ్చి ఈయన ఎదుట కూర్చుంది. "కయ్య ఎవురిదమ్మా?" అని అడిగాడు. ఆమె మాట్లాడలేదు. మళ్లీ అడగలేదు ఈయన. ఆకూ వక్కా తీసి నమిలాడు. వెనక ఉన్న ఇద్దరు విసుక్కుని వేరే బల్లకు పోయారు. మాబాషా జిరాక్సు మిషను ఆపి చూస్తున్నాడట. చాలాసేపటికి ఆమె అంది: "నాదే అన్నా. కానీ నాదని నేను ఏ పొద్దూ అన్లే." ఈయన ఆ మాటను ఒక్క అక్షరం మార్చకుండా అర్జీలో పెట్టాడు. చుట్టూ ఉన్నదంతా సర్కారు తెలుగు, నడుమ ఆ ఒక్క వాక్యం ఆమెది. కయ్య ఆమెకు తిరిగి వచ్చింది. అర్జీ వల్ల వచ్చిందా, పెద్దమనుషుల వల్ల వచ్చిందా, నాకు తెలియదు. ఈయన కూడా తన వల్లే అని చెప్పుకోలేదు.

ఫోన్లో రాసే ఈ మిషను మా ఊరికి వచ్చింది ఆ తర్వాతే. నాకు తెలిసి మూడేళ్లయింది. మాబాషా ఫోను పట్టుకుని వచ్చి, "అన్నా, ఇంగ నీ పని అయిపోయినాది. ఇది అర్జీలు రాస్తాదంట," అన్నాడు. "రాయనీ చూద్దాం," అని ఈయన హుసేన్‌బీ సంగతినే దానికి చెప్పాడు. మరిది దగ్గరున్న నా కయ్యను నాకు ఇప్పించండి అని. అది గడగడా రాసింది. మాబాషా చదివాడు: నా మరిదితో నాకు గల కయ్యమును నాకు తిరిగి ఇప్పించవలసినదిగా ప్రార్థన. కింద ఊరికే ఒక హితవు కూడా పెట్టింది, కుటుంబంలో సామరస్యం ఎంతో ముఖ్యమని. పంచ కింద ఉన్నవాళ్లందరూ పడి పడి నవ్వారు. "కయ్యమే కావాలంటే సర్కారు దాకా ఎందుకన్నా, మా ఇంట్లో శానా ఉండాది, ఆమెకు నేనిస్తా," అన్నాడు మాబాషా.

ఆ మధ్యాహ్నం ఈయన చెప్పులు విప్పకుండానే కేకేశాడు. "మే! ఆ మిషను అచ్చం నీ మాదిరే!" ఎప్పుడూ నవ్వని మనిషి అన్నం కలుపుతూ నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఆ మిషను మీద కొంచెం ఇష్టం కలిగిన మాట నిజం. అది కూడా కొత్త కోడలే కదా అనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి నవ్వు పోయింది. కొత్తది వచ్చిందన్నారు. మళ్లీ కొన్ని నెలలకు ఇంకా కొత్తది. మా పిల్ల కూడా అంత గబగబా ఎదగలేదు. దాని తెలుగు నున్నగా తయారైంది. జనం తమ ఫోన్లలోనే చెప్పుకుని, మాబాషా దగ్గర అచ్చు తీసుకుని, ఈయన బల్ల ముందునుంచే లోపలికి పోయేవాళ్లు. కొందరు తలకాయ తిప్పుకుని పోయేవాళ్లు. కొందరు, "అన్నా, బాగుండావా?" అని పలకరించి పోయేవాళ్లు. తల తిప్పుకున్నవాళ్లే మేలు అనేవాడు ఈయన.

ఆ రోజుల్లోనే ఒకాయన అర్జీ వెనక్కి వచ్చింది. మిషను అందులో ఏదో జీవో నంబరు వేసిందట. అలాంటి జీవో లేనే లేదు. ఆయన ఏడుస్తూ ఈయన దగ్గరికి వచ్చాడు. ఈయన మళ్లీ మొదటినుంచి రాసిచ్చాడు. సంఘం వాళ్లు సంబరపడ్డారు, మిషను అబద్ధాల కోరని బోర్డు రాసి పెడదామన్నారు. ఈయన ఒప్పుకోలేదు.

నాకు అర్థం కాలేదు. "నీ కడుపు మీద కొట్టేదాన్ని ఎందుకు ఎనకేసుకొస్తావు?" అన్నాను.

"నేనూ అట్ల చేసినా మే," అన్నాడు. కొత్తగా బల్ల పెట్టుకున్న రోజుల్లో ఒక ముసలాయన అడిగితే, సెక్షను నంబరు తెలియక, తెలియదని చెప్పడానికి నామోషీ అయి, ఏదో నంబరు తోచింది రాశాడట. ఆ ముసలాయన ఎండలో మూడుసార్లు తిరిగి, నాలుగోసారి వచ్చి, ఈయన్ని ఏమీ అనకుండా కాగితం బల్ల మీద పెట్టి పోయాడట. "తెలీదు అనే మాట రావాలంటే ముందు సిగ్గు రావాల. నాకు ఆ ముసలాయన ముఖం చూసినాక వచ్చినాది. దానికి ఎవురి ముఖం కనపడతాది, పాపం?" అన్నాడు. అన్నేళ్ల కాపురంలో ఆ ముసలాయన సంగతి నాకు చెప్పడం అదే మొదలు.

ఆ మిషను పొగడటం మాత్రం ఆయనకు గిట్టేది కాదు. ఏం చెప్పినా చాలా మంచి ప్రశ్న అడిగారు అనేదట. "నన్ను పొగడడానికి నువ్వెవురు? తప్పు యాడుండాదో చెప్పు," అని ఫోనును తిట్టేవాడు. తిట్టి తిట్టి కయ్య అంటే ఏమిటో దానికి చెప్పేవాడు. మర్నాటికి మరిచిపోయేది. మళ్లీ చెప్పేవాడు.

పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దు నడినెత్తికి రాకముందే ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పి, వాకిట్లోనే కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాగలేదా?"

"అడిగినాది మే."

"ఎవురు?"

"ఆ మిషను. ఊరికే కయ్య అని చెప్పి చూసినా. మీరు చెప్పేది వరి మడినా, తగువునా అని అడిగినాది. అడిగినాక గానీ రాయలే."

ఆయనకు సంతోషమో బాధో ముఖం చూస్తే తెలియలేదు. అదే అడిగాను. "రెండూ కాదు. అలుపు," అన్నాడు. చెప్పులు పక్కకు నెడుతూ అన్నాడు: "నీకు కయ్య తెలిసేకి ఒక పంట పట్టినాది. దానికి రెండేళ్లు పట్టినాది. సుబ్బరాయుడికి ఈ జన్మలో రాలే, ఆ అడిగేది." తను తిట్టి చెప్పినందుకు నేర్చుకుందా, ఎక్కడో ఎవరో నేర్పారా అన్నది ఆయనకు తెలియలేదు. నాకెలా తెలుస్తుంది?

ఆ రోజు నుంచి ఆయన దాన్ని తిట్టడం మానేశాడు. తను చెబుతూ దానిచేత రాయించి, చదివి, దిద్ది, మాబాషాచేత చదివించి, అప్పుడు వేలిముద్ర తీసుకునేవాడు. నన్ను కూడా నేర్చుకోమన్నాడు. "దీనితో మాట్లాడేది నేర్చుకో మే. నేను లేనినాడు నీకు కాగితం చదివి వినిపించేది ఇదే." నేను ఎప్పుడూ అనే మాటే అన్నాను: "నువ్వుండావు గదా." పెళ్లైన కొత్తలో పలక తెచ్చినప్పుడూ అదే అన్నాను. పిల్ల బడికి పోయేటప్పుడు దానితోపాటు కూర్చోమన్నప్పుడూ అదే. రాత్రి బడి పెట్టినప్పుడూ అదే. ముప్పై ఎనిమిదేళ్లు అదే జవాబు చెప్పాను. అది ప్రేమ అనుకున్నాను. సోమరితనం కూడా ఉంది అందులో.

ఈసారి ఆయన తిట్టలేదు. తిట్టకపోతే నేను భయపడవలసింది. పడలేదు.

ఇప్పుడు నాలుగు రోజులుగా దానితో మాట్లాడుతున్నాను. దాని మీద నాకు కోపం లేదు. బాగానే రాస్తుంది. అలుపు లేకుండా రాస్తుంది. అలుపంతా నాదే. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. హుసేన్‌బీ అంతసేపు మాట్లాడకపోతే ఆయన వక్క నములుతూ కూర్చున్నాడు కదా. ఇది కూర్చోదు. మాట్లాడుతూ మాట్లాడుతూ నాకు ఏడుపొచ్చి ఆగితే, నేను చెప్పడం అయిపోయిందనుకుని రాయడం మొదలుపెడుతుంది. కళ్లు తుడుచుకుని మళ్లీ నొక్కాలి. మళ్లీ మొదలు. రేపు ఇంకా మంచిది వస్తుందట, అది ఊరుకోవడం కూడా నేర్చుకుంటుందేమో. రానీ. దానికి ఇంకా బోలెడంత కాలముంది.

చెప్పడం మరిచాను, ఆయన సగంలో వదిలిన అర్జీ. అది పుల్లయ్య అనే పెద్దాయనది. ఆధార్‌లో ఒక పేరు, పాసుపుస్తకంలో ఇంకొక పేరు ఉంది. ఆ కాగితాన్ని మాబాషా దాచి నాకు చూపించాడు. అక్షరాలు నాకు తెలియకపోయినా ఆయన చేతిరాత తెలుసు. కాగితం అంచున చిన్నగా ఏదో ఉంది. "ఇది ఏందప్పా?" అన్నాను. "ఏ పేరు? అడగాలి," అని చదివాడు మాబాషా. ఆయన చివరగా రాసింది అదే.

ఆ అర్జీని మాబాషా మిషనుకు ఇచ్చాడు, పూర్తి చేయమని. అంచున ఉన్న మాట దానికి చూపించలేదు. మీ పేరు రెండు కాగితాల్లో రెండు రకాలుగా ఉంది, ఏది రాయమంటారు అని అది అడిగింది. ఆయన అడగదలుచుకున్న మాటే అది. మాబాషా ఫోను పుల్లయ్య ముందు పెట్టాడు. పుల్లయ్య దానివైపు చూడలేదు, ఖాళీ కుర్చీవైపు చూశాడు. "ఓబులేసన్న ఏది రాస్తే అదే," అన్నాడు.

ఈ పొద్దు ఆదివారం. ఇదంతా అయిపోయాక మిషను నాకు చదివి వినిపించింది. గొంతు బాగుంది. ఒకచోట, ఆయన ముక్కుసూటిగా మాట్లాడే స్వభావం కలవాడు అని వచ్చింది. నేను అలా అనలేదని తెలుసు. అయినా బాగానే ఉందిలే, పోయిన మనిషి, ఎవరికి నష్టం అనుకుని ఊరుకున్నాను. తర్వాత అచ్చు తీయించి, ఆయన పద్ధతి ప్రకారం మాబాషాచేత చదివించాను. ఆ వాక్యం దగ్గర మాబాషా ఆగాడు. కళ్లజోడు తీశాడు.

"వదినా, నువ్వు చెప్పింది ఇదేనా?"

నేను మాట్లాడలేదు. మాబాషా కూడా మాట్లాడలేదు. జిరాక్సు మిషను ఆపేసి కూర్చున్నాడు. అన్నేళ్లు ఆ బల్ల పక్కన ఉన్న మనిషి కదా.

"కాదప్పా," అన్నాను చాలాసేపటికి. "నోరు చెడ్డది అని చెప్పినా. అదే పెట్టమని చెప్పు." చెప్పగానే మార్చింది. ఎదురు చెప్పలేదు. ఆయనైతే ఎదురు చెప్పేవాడు.

సంఘం పెద్దలకు, ఆయన చేత తిట్లు తిన్నవాళ్లందరికీ నేను మనవి చేసుకునేది ఇంతే. నా భర్త మృదుభాషి కాడు. ఒక తప్పు సెక్షను నంబరును చచ్చేదాకా మోసినవాడు. ఎదుటివాళ్ల గొంతు పెగిలేదాకా కూర్చున్నవాడు. అలాంటి మనిషి నాకు మళ్లీ దొరకడు. మీకూ దొరకడు.

పైన రాసింది రెండు గొంతులు చదివి వినిపించగా విని, నా చెవి ఒప్పుకున్నాక, నా బొటనవేలు పెట్టాను. అర్జీలకు వచ్చినవాళ్లు ఇంకు అంటిన వేలును బల్లకు తుడిస్తే ఆయన కసిరేవాడు, తలకు రాసుకోమనేవాడు. రేషను కాగితానికీ, బ్యాంకు కాగితానికీ నేను వేలు పెట్టినప్పుడు మాత్రం, మాట్లాడకుండా తన తువ్వాలు కొసతో తుడిచేవాడు. ఈ పొద్దు వేలు చాచి కాసేపు అలాగే ఉంచాను. మాబాషా తల తిప్పుకున్నాడు. తర్వాత తలకు రాసుకున్నాను.

ఇట్లు, ఓబులేసు పెండ్లాము సుంకమ్మ వేలిముద్ర.